క్రైస్తవం ఆఫ్రికాకు యూరప్ మిషనరీలతో వెళ్లిందా, అంతకు ముందే ఉందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పోటీ పరీక్షకు చదువుతున్నారు. ఒక గైడులో "యూరోపియన్ మిషనరీల రాకతో ఆఫ్రికాలో క్రైస్తవం ప్రవేశించింది" అని ఉంది. ఇంకోచోట ఇథియోపియా రాజు ఒకాయన 4వ శతాబ్దంలోనే ఆ మతం పుచ్చుకున్నాడని చదివారు. రెండింటిలో ఏది నిజం, అసలు ఆఫ్రికా ప్రాచీన చరిత్రను ఎక్కడ మొదలుపెట్టి చదవాలి అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. రెండోదే నిజం. గైడులో రాసిన మాట పశ్చిమ, మధ్య, దక్షిణ ఆఫ్రికాలకు చాలావరకు సరిపోతుంది, ఖండం మొత్తానికి సరిపోదు. ఈజిప్టులోనూ, ఇప్పటి ట్యునీషియా, అల్జీరియా తీరంలోనూ 2వ శతాబ్దానికే క్రైస్తవులు ఉన్నారు. ఇథియోపియాలో 4వ శతాబ్దంలో, సూడాన్‌లో 6వ శతాబ్దంలో రాజులే మతం మారారు. పోల్చి చూసుకోండి: ఆంగ్లో-శాక్సన్ రాజులకు బాప్తిస్మం ఇవ్వడానికి రోమ్ నుంచి సన్యాసులు ఇంగ్లండులో దిగింది 597లో. పోలండ్ పాలకుడు మతం మారింది 966లో. లిథువేనియా అయితే 1387 దాకా మారలేదు.

నేను హిస్టరీ లెక్చరర్‌ని, ఇప్పుడు రిటైరయ్యాను. 2006 నుంచి ఐదేళ్లు ఇథియోపియా ఉత్తరాన, తిగ్రాయ్ ప్రాంతంలో ఒక యూనివర్సిటీలో పనిచేశాను. ఆ రోజుల్లో మనవాళ్లు చాలామంది అక్కడికి పాఠాలు చెప్పడానికి వెళ్లేవారు. కాబట్టి కింద రాసేదాంట్లో కొంత చదివింది, కొంత చూసింది.

మీ గైడు రాసినాయన్ని నేను తిట్టను, ఎందుకంటే మొదటి సెమిస్టర్‌లో నేనూ ఆ మాటే అన్నాను. వలస పాలన మీద పాఠం చెబుతూ, నోట్స్ చూసి, "మిషనరీలు ఈ ఖండానికి క్రైస్తవాన్ని తెచ్చారు" అని చదివేశాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచి, "మెమ్హిర్, మా ఊరి చర్చి ఎప్పటిదో తెలుసా?" అన్నాడు. మెమ్హిర్ అంటే వాళ్ల భాషలో పంతులుగారు. తెలియదన్నాను. "మీ మిషనరీల ముత్తాతలు ఇంకా చెట్లకు మొక్కుతున్నప్పటిది" అన్నాడు. వాళ్లు నా మిషనరీలు కాదు నాయనా అనేలోపే క్లాసంతా నవ్వేసింది. ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్లాను.

ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం, ఎక్కడ మొదలుపెట్టాలని కదా. నేల దగ్గర మొదలుపెడితే అది మన ఆదిలాబాద్‌కే వస్తుంది. ఆఫ్రికా, భారత్, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే భూభాగం. దానికి గోండ్వానా అని పేరు పెట్టింది మన గోండుల దేశాన్ని బట్టే. మధ్య భారతంలోని ఆ రాళ్లకు ముందు ఆ పేరు వచ్చింది, తరవాత 19వ శతాబ్దపు ఆస్ట్రియా భూగర్భ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్ దాన్ని మొత్తం ఖండానికి వాడాడు. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన ఆ గోండ్వానా అడవులదే. ఆ కాలపు గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు గోదావరి లోయలోనూ దొరుకుతాయి, దక్షిణ ఆఫ్రికాలోనూ దొరుకుతాయి. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట ఆ భూభాగం చీలడం మొదలైంది.

మనుషుల దగ్గర మొదలుపెడితే రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. ఇథియోపియాలోని అఫార్ ఎడారిలో 1974లో దొరికిన లూసీ, 32 లక్షల ఏళ్ల నాటిది. మనిషి కాదు, మనిషికి చాలా ముందటి జాతి. మూడున్నర అడుగులు ఉంటుంది. అడిస్ అబాబా మ్యూజియంలో అద్దాల పెట్టెలో నమూనా పెట్టారు, అసలు ఎముకలు లోపల భద్రంగా ఉంటాయి. అక్కడివాళ్లు లూసీ అనరు, "దింకినేష్" అంటారు, నువ్వు అద్భుతం అని అర్థం. రెండోది మొరాకోలోని జెబెల్ ఇర్హూద్. మన జాతి, అంటే హోమో సేపియన్స్, ఎముకల్లో ఇప్పటివరకు అన్నిటికన్నా పాతవి అక్కడివే, సుమారు 3 లక్షల ఏళ్లవి. ప్రిలిమ్స్‌కి ఇంతకన్నా లోతు అక్కర్లేదు.

అసలు విషయానికి వద్దాం. ఇక్కడ చాలామంది తడబడేది పేర్ల దగ్గర. రోమన్లు "ఆఫ్రికా" అన్నది కార్తేజ్ చుట్టూ ఉన్న ఒక ప్రావిన్సుని, దాదాపు ఇప్పటి ట్యునీషియా. ఖండానికి ఆ పేరు తరవాత పాకింది. అలాగే గ్రీకులు "ఐథియోపియా" అన్నది ఈజిప్టుకు దక్షిణాన నల్లవాళ్లున్న దేశమంతటినీ. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో రథం మీద యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్లే ఐతియొపీయుడు గుర్తుంటాడు, కందాకే రాణి ఖజానా చూసేవాడు. ఆయన్ని ఇప్పటి ఇథియోపియా మనిషి అనుకోవడం పొరపాటు. కందాకే అనేది మనిషి పేరు కాదు, కూషు రాజ్యపు రాణులకు ఉన్న బిరుదు. ఆ రాజ్యం రాజధాని మెరోయే సూడాన్‌లో, నైలు ఒడ్డున ఉంది. ఆ రాణులు మామూలువాళ్లు కారు. క్రీస్తుకు పాతికేళ్ల ముందు ఒక కందాకే కాలంలో కూషు సైన్యం రోమన్ల మీదికి వెళ్లింది. అగస్టస్ చక్రవర్తి కంచు విగ్రహం తల ఒకటి మెరోయేలో గుడి మెట్ల కింద పాతిపెట్టి దొరికింది. వచ్చేపోయేవాళ్లందరూ దాన్ని తొక్కుకుంటూ వెళ్లాలన్నమాట. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

కొత్త నిబంధనలోనే ఇంకా ఉన్నాయి. సిలువ మోసిన కురేనీయుడైన సీమోను ఊరు కురేనే, ఇప్పటి లిబియాలో ఉంది. అపొల్లో అలెక్సంద్రియవాడు. పెంతెకొస్తు రోజు జనంలో ఐగుప్తు, లిబియ వాళ్లున్నారు. ఇవన్నీ ఎప్పుడూ వినే వాక్యాలే, మ్యాప్ మీద పెట్టి చూసుకోం అంతే.

ఈజిప్టు. మార్కు సువార్తికుడు అలెగ్జాండ్రియాలో సంఘం స్థాపించాడన్నది చర్చి సంప్రదాయం. దాన్ని రాసిపెట్టినవాడు 4వ శతాబ్దపు చర్చి చరిత్రకారుడు యుసీబియస్, అంటే జరిగిందన్న కాలానికి దాదాపు 250 ఏళ్ల తరవాత. అందుకని పరీక్షలో "సంప్రదాయం ప్రకారం" అన్న మాట వదలొద్దు. గట్టి ఆధారాలు 2వ శతాబ్దం నుంచి దొరుకుతాయి. ఈజిప్టు ఇసకలో చెదలు పట్టని పాపిరస్ ముక్కలున్నాయి. యోహాను సువార్తలోని కొన్ని పంక్తులున్న ఒక ముక్క, అరచేతిలో పట్టేంతది, ఇప్పుడు మాంచెస్టర్‌లో ఉంది. కొత్త నిబంధన రాతప్రతుల్లో మిగిలినవాటిలో అతి పాతవాటిలో అదొకటి.

అలెగ్జాండ్రియాలో క్రైస్తవ విద్యాపీఠం ఒకటి నడిచింది. క్లెమెంట్, ఒరిజెన్ అక్కడివాళ్లే. వాళ్లకన్నా ముందున్న పంటైనస్ అనే గురువు ఇండియా దాకా వెళ్లాడని యుసీబియస్ రాశాడు. దీన్ని పట్టుకుని మనవాళ్లు కొందరు పెద్ద పెద్ద కథలు అల్లుతారు, జాగ్రత్త. ఆ రోజుల్లో ఎర్ర సముద్రం దాటిన ప్రతి తీరాన్నీ "ఇండియా" అనేసేవారు, అరేబియాని కూడా.

ఇక్కడ మీకు బాగా పనికొచ్చే పేరు అథనేషియస్. 328లో అలెగ్జాండ్రియా బిషప్ అయ్యాడు, ఐదుసార్లు దేశబహిష్కారం అనుభవించాడు. 367లో ఈస్టర్ సందర్భంగా తన సంఘాలకు రాసిన ఉత్తరంలో ఏయే పుస్తకాలు ప్రామాణికమో జాబితా ఇచ్చాడు. ఇప్పుడు మన ఇళ్లలో ఉండే తెలుగు బైబిల్ కొత్త నిబంధనలో 27 పుస్తకాలున్నాయి కదా, సరిగ్గా ఆ 27నే కలిపి చెప్పిన మొదటి జాబితా మనకు తెలిసినంతలో అదే.

క్రైస్తవ సన్యాస జీవితం పుట్టిందీ ఈజిప్టులోనే. ఆంటొనీ అనే యువకుడు తండ్రి పోయాక వచ్చిన భూమిని, మన లెక్కలో సుమారు 200 ఎకరాలు, ఊరివాళ్లకు ఇచ్చేసి ఎడారికి వెళ్లిపోయాడు. తరవాత పకోమియస్ అనే మాజీ సైనికుడు ఒంటరి సన్యాసుల్ని ఒక ప్రహరీ లోపల చేర్చి, పని, ప్రార్థన, భోజనం అన్నిటికీ వేళలు పెట్టాడు. యూరప్ మఠాలన్నీ ఈ రెండు నమూనాల్లోంచి వచ్చినవే. అంటే ఈ విషయంలో ఎగుమతి ఆఫ్రికా నుంచి యూరప్‌కి జరిగింది.

కార్తేజ్ తీరం. ఈ భాగం మన సిలబస్‌లలో దాదాపు కనపడదు, నాకైతే చాలా ఇష్టం. క్రీ.శ. 180 జులై 17న కార్తేజ్‌లో పన్నెండుమంది పల్లెటూరి క్రైస్తవుల విచారణ జరిగింది. ఆ విచారణ రికార్డు లాటిన్‌లో మిగిలి ఉంది. మీ సంచీలో ఏముందని గవర్నర్ అడిగితే, పౌలు అనే నీతిమంతుడి పుస్తకాలు, ఉత్తరాలు అని చెప్పారు. లాటిన్‌లో క్రైస్తవుల గురించి తేదీతో సహా దొరికే అతి పాత పత్రం ఇదే. రోమ్ నగరంలో చర్చి ఇంకా ప్రధానంగా గ్రీకులో నడుస్తున్న రోజులవి. లాటిన్ క్రైస్తవ సాహిత్యం పెరిగింది ఆఫ్రికాలో. త్రిత్వానికి "ట్రినిటాస్" అన్న లాటిన్ మాట వాడిన మొదటి రచయిత కూడా కార్తేజ్ వాడైన టెర్టులియనే.

203లో అదే ఊళ్లో పెర్పెతువా అనే అమ్మాయిని జైల్లో వేశారు. వయసు 22 ఏళ్ల దాకా ఉంటుంది, చంకలో పాలు తాగే బిడ్డ. జైల్లో ఉండగా ఆమె స్వయంగా రాసుకున్నది మనకు మిగిలింది. వాళ్ల నాన్న వచ్చి బతిమాలతాడు. ఆమె అక్కడున్న కూజా చూపించి, నాన్నా, దీన్ని కూజా అని కాక ఇంకేమైనా అనగలమా అని అడుగుతుంది. అనలేం అంటాడు. నేనూ అంతే, క్రైస్తవురాలినని కాక ఇంకోటి చెప్పలేను అంటుంది. పాఠంలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా క్లాసు నిశ్శబ్దమైపోయేది, మతం ఏదైనా సరే. ఆమెతోపాటు ఫెలిసితా అనే బానిస, ఎనిమిదో నెల గర్భిణి, జైల్లోనే ప్రసవించి ఆ తరవాత ఆమెతోపాటే చనిపోయింది.

అగస్టిన్ గురించి మీరు వినే ఉంటారు. 354లో ఇప్పటి అల్జీరియాలోని థగాస్తెలో పుట్టాడు, హిప్పోలో బిషప్‌గా ఉన్నాడు, 430లో వాండల్ అనే జర్మన్ తెగ సైన్యం ఊరిని ముట్టడించి ఉండగా పోయాడు. యూరప్ వేదాంతం మీద ఆయనంత ప్రభావం చూపినవాళ్లు తక్కువ. చదువుకోవడానికి, ఉద్యోగానికి ఇటలీ వెళ్లి తిరిగి సొంతగడ్డకే వచ్చిన ఆఫ్రికా మనిషి. రోమ్‌లో ఆఫ్రికావాళ్లు పోప్‌లుగానూ ఉన్నారు. 2వ శతాబ్దం చివర్లో ఉన్న మొదటి విక్టర్ అలాంటివాడే.

అక్సుమ్, ఇథియోపియా ఉత్తరాన. ఇది నేను చూసిన ఊరు, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

క్రీస్తు శకం మొదటి శతాబ్దాల్లో ఎర్ర సముద్రం మీది వ్యాపారంతో ఎదిగిన రాజ్యం అక్సుమ్. దాని రేవు అదూలిస్. ఒక గ్రీకు వర్తకుడు 1వ శతాబ్దంలో రాసిన సముద్రయాన వివరాల్లో అదూలిస్ ఏనుగు దంతాల గురించి ఉంది, అదే పుస్తకంలో మన కృష్ణా తీరపు మసాలియా సన్నబట్టల గురించీ ఉంది. రాజుల సమాధుల దగ్గర ఒకే రాయిలో చెక్కిన స్తంభాలున్నాయి. అన్నిటికన్నా పెద్దది 33 మీటర్లు, పడిపోయి ముక్కలై ఉంది. 24 మీటర్లది ఒకటి ముస్సోలినీ సైన్యం 1937లో రోమ్‌కి ఎత్తుకుపోయింది. 2005లో మూడు ముక్కలుగా విమానంలో తిరిగొచ్చింది. 2008లో దాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ముసలమ్మలు కొత్త బట్టలు కట్టుకుని చూడటానికి వచ్చారు.

4వ శతాబ్దంలో మతం మారిన అక్సుమ్ రాజు ఎజానా కథకు రెండువైపుల నుంచి సాక్ష్యం ఉంది. ఒకటి రూఫినస్ అనే చర్చి చరిత్రకారుడు రాసింది. ఇప్పటి లెబనాన్‌లోని టైర్ పట్టణం నుంచి ఒక పండితుడు ఇద్దరు కుర్రాళ్లను వెంటబెట్టుకుని "ఇండియా" చూసి తిరిగి వెళ్తుండగా, నీళ్ల కోసం ఓడ ఒక రేవులో ఆగింది. అక్కడివాళ్లు ఓడలోవాళ్లను చంపేశారు. చెట్టు కింద కూర్చుని చదువుకుంటున్న కుర్రాళ్లను మాత్రం రాజు దగ్గరికి తీసుకెళ్లారు. వాళ్లలో పెద్దవాడు ఫ్రుమెంటియస్ ఖజానా లెక్కలు చూసే స్థాయికి ఎదిగాడు. రాజు పోయాక చిన్న యువరాజు పెద్దవాడయ్యేదాకా రాణికి సాయంగా రాజ్యం చూశాడు. తరవాత అలెగ్జాండ్రియా వెళ్లి, మాకొక బిషప్‌ని పంపండి అని అడిగితే, అథనేషియస్ ఆయన్నే బిషప్‌ని చేసి వెనక్కి పంపాడు. ఇథియోపియావాళ్లు ఆయన్ని అబ్బా సలామా అంటారు.

రెండో సాక్ష్యం నాణేలు, శాసనాలు. కథని నమ్మకపోయినా వీటిని నమ్మక తప్పదు. ఎజానా మొదటి నాణేల మీద రాజు తల పైన సూర్యబింబం, నెలవంక ఉంటాయి. తరవాతి వాటిలో అదే రాజు, అదే తల, రెండు పక్కలా అవే ధాన్యపు కంకులు, కానీ నెలవంక పోయి సిలువ వచ్చింది. బంగారు నాణెం చిటికెన వేలి గోరంత ఉంటుంది. భూతద్దంలో మొదటిసారి ఆ సిలువ చూసినప్పుడు నా లెక్చర్ నోట్స్ గుర్తొచ్చి సిగ్గేసింది. శాసనాల్లోనూ అంతే: మొదటివాటిలో మహ్రేమ్ దేవుడి కొడుకునని చెప్పుకున్న రాజు, తరవాతివాటిలో "పరలోక ప్రభువు" అంటాడు, గ్రీకు శాసనంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటాడు. 350ల్లో రోమ్ చక్రవర్తి కాన్‌స్టాంటియస్ ఎజానాకు రాసిన ఉత్తరం కూడా మిగిలింది. ఫ్రుమెంటియస్‌ని వెనక్కి పంపు, మా బిషప్ చేత పరీక్ష చేయిస్తాం అని. ఎజానా పంపిన దాఖలా లేదు.

ఇదే కాలంలో జరిగిన ఇంకో పని తెలుగువాళ్లకు వెంటనే అర్థమవుతుంది. అంతకుముందు అక్సుమ్ రాజ్యపు భాష గీజ్‌ను హల్లులతోనే రాసేవారు. ఎజానా కాలంలో అక్షరానికి అచ్చు గుర్తులు చేరాయి. మా ఇంటి దగ్గర చర్చి ఆవరణలో చెట్టు కింద పిల్లలు రోజూ పొద్దున్నే గొంతెత్తి "హ, హు, హి, హా, హే, హ్, హో" అనేవాళ్లు, పక్కన బెత్తంతో ఒక ముసలి పూజారి. అది అచ్చం మన గుణింతమే! ఒక్కో అక్షరానికి ఏడు రూపాలు. భారతీయ లిపుల ప్రభావం అయ్యుండొచ్చని కొందరు పండితులు అన్నారు, నిరూపణ కాలేదు, కాబట్టి పరీక్షలో రాయకండి.

తరవాత రెండు శతాబ్దాల్లో బైబిల్ గీజ్‌లోకి వచ్చింది. అద్వా దగ్గర అబ్బా గరిమా మఠంలో మేకతోలు మీద రాసిన రంగుల బొమ్మల సువార్తలున్నాయి. (పేరు మన గరిమ లాగే ఉంది గానీ సంబంధం లేదు.) చాలాకాలం వాటిని 11వ శతాబ్దానివి అనుకున్నారు. కార్బన్ పరీక్ష చేస్తే 4 నుంచి 7వ శతాబ్దాల మధ్యవని తేలింది. బొమ్మలతో మిగిలిన సువార్త ప్రతుల్లో ప్రపంచంలోనే అతి పాతవాటిలో అవి ఉన్నాయి. హనోకు గ్రంథం అనే పాత యూదు గ్రంథం పూర్తిగా మిగిలింది గీజ్‌లో మాత్రమే. వాళ్ల బైబిల్‌లో 81 పుస్తకాలు.

దెబ్రె దామో మఠానికి కూడా వెళ్లాను. 6వ శతాబ్దపుది, నిట్టనిలువు కొండ మీద ఉంటుంది. మెట్లు లేవు. పైనుంచి తోలుతాడు వేస్తారు, నడుముకు ఇంకో తాడు కట్టి సన్యాసి ఒకాయన లాగుతాడు, మనం గోడకు కాళ్లు తన్ని పదిహేను మీటర్లు ఎక్కాలి. ఆడవాళ్లను రానివ్వరు, ఆడ పశువులను కూడా. నేను సగంలో ఆగిపోయాను. చేతులు వణుకుతున్నాయి, టెన్షన్‌లో తెలుగులో ఏదో అరిచాను. పైనున్న సన్యాసి నవ్వి, మూటను లాగినట్టు లాగేశాడు. ఆ మఠంలోనే మన కుషాణుల బంగారు నాణేలు వందకు పైగా దొరికాయి. వ్యాపారం ఎంత దూరం నడిచిందో చూడండి.

నాలాంటి శాకాహారికి అక్కడి క్రైస్తవం ఇంకో మేలు చేసింది. బుధ, శుక్రవారాలు, ఈస్టర్‌కు ముందు రెండు నెలల దాకా వాళ్లు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. హోటల్లో "యెత్సోమ్" అంటే చాలు, ఉపవాసపు భోజనం వస్తుంది, ఇంజెరా అనే పుల్లటి అట్టు మీద పప్పులు, కూరలు. చర్చిలోకి చెప్పులు విప్పి వెళ్తారు, తెల్లటి బట్టలు కప్పుకుంటారు. మా ఆవిడ మొదటి ఆదివారం చూసి, ఇది గుడా చర్చా అంది.

నూబియా గురించి క్లుప్తంగా. ఇప్పటి సూడాన్‌లో నొబాటియా, మకూరియా, అలోడియా అని మూడు రాజ్యాలు 6వ శతాబ్దంలో క్రైస్తవం పుచ్చుకున్నాయి. 7వ శతాబ్దం మధ్యలో అరబ్ సైన్యాలు మకూరియా రాజధాని దొంగొలా మీదికి వస్తే నూబియా విలుకాళ్లు ఆపేశారు. ఆ తరవాత కుదిరిన ఒడంబడిక వందల ఏళ్లు నిలిచింది. దాంట్లో నూబియా ఏటా బానిసలను పంపడం ఒక షరతు, అది దాచి చెప్పకూడదు. అస్వాన్ డ్యామ్ నీళ్లలో మునిగేలోపు 1960ల్లో పోలండ్ పురావస్తు బృందం ఫరస్ కేథడ్రల్‌ను ఇసకలోంచి తవ్వి, వందకు పైగా గోడ బొమ్మలను ఊడదీసి కాపాడింది. వాటిలో పెదవి మీద వేలు పెట్టుకున్న సెయింట్ అన్నా బొమ్మ ఒకటి, పెద్ద కళ్లు. వార్సా మ్యూజియంలో ఉంది, ఎప్పుడైనా ఫొటో చూడండి.

మీరు అడగలేదు గానీ తప్పకుండా వచ్చే అనుబంధ ప్రశ్న ఒకటుంది: అంత బలంగా ఉన్న కార్తేజ్ చర్చి ఎందుకు మాయమైంది, ఈజిప్టు, ఇథియోపియా చర్చిలు ఎందుకు నిలిచాయి? 411లో కార్తేజ్‌లో రెండు వర్గాల బిషప్పులు వాదనకు కూర్చున్నప్పుడు ఒక్కో వైపు 280 మంది దాకా ఉన్నారు. 1053లో పోప్ రాసిన ఉత్తరం ప్రకారం ఆఫ్రికా మొత్తానికి ఐదుగురు బిషప్పులే మిగిలారు.

నా లెక్కలో మొదటి కారణం భాష. ఈజిప్టులో బైబిల్ కోప్టిక్‌లోకి వచ్చింది. అది ఫరోల భాషకే ఆఖరి రూపం, గ్రీకు అక్షరాలకు ఆరేడు పాత ఈజిప్టు గుర్తులు చేర్చి రాసేవారు. పొలం దున్నేవాడికి ప్రార్థన తెలిసేది. ఇథియోపియాలో గీజ్. కార్తేజ్‌లో మాత్రం చర్చి లాటిన్ మాట్లాడింది, పల్లెలు కార్తేజ్ పాత భాష ప్యూనిక్, స్థానిక బెర్బర్ భాషలు మాట్లాడాయి. ప్యూనిక్ వచ్చిన బిషప్ కోసం అగస్టినే వెతుక్కోవాల్సి వచ్చింది. 439లో కార్తేజ్‌ను వాండల్స్ పట్టుకున్నారు, తరవాత బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం, వచ్చింది, 698లో అరబ్బుల చేతికి వెళ్లింది. లాటిన్ వచ్చిన పట్టణాలవాళ్లు చాలామంది ఇటలీ, స్పెయిన్ వైపు వెళ్లిపోయారు.

అయితే ఈ కారణాన్ని అతిగా సాగదీయకండి. నూబియాకు సొంత భాష ఉంది, సొంత లిపిలో ప్రార్థనలున్నాయి, అయినా 15వ శతాబ్దం దాటి రాజ్యం నిలవలేదు. అక్కడ సింహాసనం కోసం అన్నదమ్ముల తగవులు, వాటిలో ఈజిప్టు సుల్తానుల జోక్యం ఎక్కువ పనిచేశాయి. 1317లో దొంగొలా రాజభవనపు దర్బారు హాలు మసీదు అయింది. ఇథియోపియాను భాషతోపాటు కొండలూ కాపాడాయి. ఈజిప్టులో ఊరూరా మఠాలు నిలిచాయి, ఈరోజుకీ జనాభాలో పదోవంతు దాకా కోప్టిక్ క్రైస్తవులేనని ఎక్కువ అంచనాలు.

ఇంకో హెచ్చరిక. అక్సుమ్‌లో పది ఆజ్ఞల పలకలున్న నిబంధన మందసం ఉందని, తమ రాజులు సొలొమోను, షేబ రాణి సంతానమని అక్కడివాళ్ల గట్టి నమ్మకం. ఆ రాజవంశ కథ గ్రంథంగా కుదిరింది 14వ శతాబ్దంలో. నమ్మకాన్ని గౌరవించండి, జవాబులో ఆధారంగా మాత్రం వాడకండి. క్లాసులో ఇది చెప్పినప్పుడు ఒకమ్మాయి నాతో రెండు వారాలు మాట్లాడలేదు, ఆ తరవాత ఈస్టర్‌కు ఇంటికి భోజనానికి పిలిచింది.

మరి యూరప్‌వాళ్లు ఎప్పుడొచ్చారు? పోర్చుగీసులు కాంగో రాజుకు బాప్తిస్మం ఇచ్చింది 1491లో. 1520లో వాళ్ల రాయబారులు ఇథియోపియా చేరేసరికి అక్కడ వెయ్యేళ్ల పైబడిన చర్చి, లాలిబెలాలో కొండను తొలిచిన పదకొండు గుళ్లు కనపడ్డాయి. తరవాత జెసూట్‌లనే కేథలిక్ మిషనరీలు వచ్చి చక్రవర్తి సుసెన్యోస్‌ను కేథలిక్‌గా మార్చారు. జనం తిరగబడ్డారు, రక్తం పారింది. 1632లో ఆయన పాత మతాన్నే తిరిగి ప్రకటించి కొడుకు ఫసిలిదెస్‌కు సింహాసనం వదిలేశాడు, కొడుకు జెసూట్‌లను దేశం నుంచి తరిమేశాడు. మిషనరీలను వెళ్లగొట్టింది క్రైస్తవులే, తమ క్రైస్తవాన్ని కాపాడుకోవడానికి. ఇక మీ గైడు చెప్పే పెద్ద మిషనరీ అల 19వ శతాబ్దానిది.

చదివే వరస చెప్పమన్నారు కాబట్టి: కూషు, మెరోయే, తరవాత అలెగ్జాండ్రియా, కార్తేజ్, అక్సుమ్, నూబియా, చివర కాంగో. పక్కన మ్యాప్ తప్పనిసరి. ప్రిలిమ్స్‌లో కందాకేని ఇథియోపియా రాణిగా ఇచ్చి, ఆప్షన్లలో సూడాన్ లేకపోతే వాదించకుండా ఇథియోపియాకే టిక్ పెట్టేయండి. మెరోయే సంగతి మెయిన్స్ వ్యాసంలో చూసుకోవచ్చు.